అల్బెర్టో సాంటోస్ డ్యూమాంట్

అల్బెర్టో సాంటోస్ డ్యూమాంట్ (1873 జూలై 20 - 1932 జూలై 23) బ్రెజిల్ దేశానికి చెందిన సుప్రసిద్ధ వైమానికుడు, ఆవిష్కర్త. తన జీవితంలో అధికభాగం ఫ్రాన్సు దేశపు రాజధాని పారిస్‌లో గడిపాడు. గాలికన్న తేలికైన వాయునౌకలను, గాలికన్న బరువైన విమానాలను రెండింటినీ స్వయంగా రూపొందించి, స్వయంగా నడిపిన అతికొద్దిమందిలో ఈయన ఒకడు. 1901లో వాయునౌకపై ఐఫిల్ టవర్‌ను చుట్టివచ్చి, 1906లో ప్రజల సమక్షంలో విమానాన్ని ఎగురవేసి ప్రపంచఖ్యాతి గడించాడు. ఈయన నిర్మించిన చివరి విమానం "డెమ్వాజెల్". దాని నిర్మాణ పటాలను ఏ ప్రతిఫలమూ కోరకుండా లోకానికి ఇచ్చివేశాడు. సామాన్యుడు తన ఇంటి షెడ్డులో విమానాన్ని నిర్మించుకొనే సంప్రదాయానికి ఈ విమానమే ఆద్యమని చెప్పవచ్చును.

బాల్యము, కుటుంబ నేపథ్యము

సాంటోస్ డ్యూమాంట్ బ్రెజిల్‌లోని మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో, పాల్మిరా పట్టణ సమీపాన గల కబాంగు అనే చోట జన్మించాడు. తండ్రి హెన్రిక్ డ్యూమాంట్ ఫ్రెంచి సంతతికి చెందినవాడు. పారిస్‌లో ఇంజనీరింగు విద్యను అభ్యసించాడు. కుమారుడు జన్మించిన కాలంలో రైలుమార్గ నిర్మాణపు పనులలో ఉన్నాడు. తల్లి ఫ్రాన్సిస్కా డి పౌలా సాంటోస్. ఎనిమిదిమంది సంతానంలో అల్బెర్టో ఆరవవాడు. తండ్రి ఇంటిపేరును, తల్లి ఇంటిపేరును కలిపి ధరించుట ఆ దేశపు ఆచారం.

తరువాత హెన్రిక్ సావో పాలో రాష్ట్రంలోని రిబెరావ్ ప్రెటో ప్రాంతంలో విశాలమైన కాఫీతోటను నెలకొల్పాడు. తోటలోని కాఫీగింజలను తరలించుటకు సొంత రైలుమార్గము, రైలుయంత్రాలు ఉండేవి. అల్బెర్టో బడి పాఠాలకన్న ఆ యంత్రాల వద్దనే ఎక్కువ నేర్చుకున్నాడు. ఏడేళ్ళ వయసులో పొలములో తిరిగే ఆవిరి బండ్లను, పన్నెండేళ్ళ వయసులో రైలుయంత్రాన్ని నడిపాడు. కాఫీగింజలను ఎండబెట్టే, జల్లించే యంత్రాలు తరచు చెడిపోవుటకు కారణాలను గమనించేవాడు. జూల్స్ వెర్న్ నవలలు ఆయనకు అత్యంత ప్రీతిపాత్రమైనవి.

1890 ప్రాంతంలో తండ్రి గుర్రపుబండి నుండి పడి పక్షవాతానికి గురయ్యాడు. తోటను విక్రయించి, చికిత్స కొరకు కుటుంబంతో ఐరోపాకు వెళ్ళాడు. 1892లో అల్బెర్టోకు పద్దెనిమిదేళ్ళ వయసులోనే ఆస్తిలో అతని వాటాను అప్పగించి, పారిస్‌కు వెళ్ళి యంత్రశాస్త్రము, భౌతికశాస్త్రము, విద్యుచ్ఛాస్త్రము నేర్చుకొమ్మని ప్రోత్సహించాడు. అదే సంవత్సరం ఆగస్టులో తండ్రి మరణించాడు. తండ్రి ఇచ్చిన ధనమే సాంటోస్ డ్యూమాంట్ ప్రయోగాలన్నిటికీ ఆధారమైనది. అందువలన తన ఆవిష్కరణలను అమ్ముకొని జీవించవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ కలుగలేదు.

బెలూనులు, వాయునౌకలు

పారిస్‌లో సాంటోస్ డ్యూమాంట్ 1898లో తొలిసారిగా బెలూను ఎక్కాడు. బెలూనుల నిర్మాతలైన లషాంబ్ర్, మషురోన్‌ల వద్ద ఈ విద్యలోని మెలకువలు నేర్చుకున్నాడు. అదే సంవత్సరం "బ్రెజిల్" అనే పేరుతో సొంత బెలూనును తయారు చేయించాడు. దాని పరిమాణం 113 ఘనపు మీటర్లు మాత్రమే. అంత చిన్న బెలూను మనిషిని మోయజాలదని నిర్మాతలు వారించారు. తేలికైన జపాను పట్టువస్త్రంతో చేయించి, అది మోయగలదని నిరూపించాడు. ఆయన సుమారు ఐదడుగుల ఎత్తు, 50 కిలోల బరువు గల బక్కపలుచని మనిషి. బరువును తగ్గించుటయే ఎగురుటకు మార్గమన్న సూత్రం ఆయన నిర్మాణాలన్నిటిలోనూ కనిపిస్తుంది. ఈ సూత్రపు మేలు, కీడు రెండూ తరువాత వెల్లడైనవి.

బెలూను గాలి వీచిన వైపునకే పోతుంది. దానిని కోరిన దిశలో నడుపుటకు సాంటోస్ డ్యూమాంట్ పెట్రోలు ఇంజనును అమర్చదలచాడు. ఉదజని వాయువుతో నిండిన సంచి క్రింద నిప్పురవ్వలు చిమ్మే ఇంజనును వ్రేలాడదీయుట ఆత్మహత్యతో సమానమని అనేకులు భావించారు. 1898 సెప్టెంబరు 20న తన మొదటి వాయునౌకతో పారిస్ మీద ఎగిరి, ఆ భయం నిరాధారమని చూపించాడు. అనంతరం వరుస సంఖ్యలతో అనేక వాయునౌకలను నిర్మించాడు.

ఐఫిల్ టవర్ ప్రదక్షిణ

1900లో పెట్రోలు వ్యాపారి హెన్రీ డాయిష్ డి లా మర్త్ ఒక పోటీని ప్రకటించాడు. పారిస్ శివారులోని సెయింట్ క్లౌడ్ నుండి బయలుదేరి, ఐఫిల్ టవర్‌ను చుట్టి, 30 నిమిషాలలో తిరిగి రావలెను. మొత్తం దూరం 11 కిలోమీటర్లు. బహుమానం లక్ష ఫ్రాంకులు.

1901 ఆగస్టు 8న సాంటోస్ డ్యూమాంట్ ఐదవ సంఖ్య వాయునౌకతో టవర్‌ను చుట్టి వస్తుండగా వాయువు కారిపోయి, నౌక ట్రొకాడెరో ప్రాంతంలోని ఒక హోటలు కప్పును ఢీకొని పగిలిపోయింది. గోడకు వ్రేలాడుతున్న ఆయనను అగ్నిమాపక దళంవారు తాడు వేసి పైకి లాగారు. ఆయన వెంటనే ఆరవ సంఖ్య నౌక నిర్మాణానికి పూనుకున్నాడు. 1901 అక్టోబరు 19న ఆ నౌకపై టవర్‌ను చుట్టి, 30 నిమిషాలు పూర్తి కాకముందే బయలుదేరిన స్థలం మీదికి చేరుకున్నాడు. అయితే తాడును నేలమీది వారు అందుకొనేసరికి గడువు దాటిపోయినది. దీనిపై న్యాయనిర్ణేతల మధ్య వివాదం చెలరేగగా, ప్రజలు ఆయన పక్షాన నిలిచారు. చివరకు బహుమానం ఆయనకే దక్కింది.

ఆ ధనంలో కొంతభాగాన్ని తన వద్ద పనిచేసిన యంత్రకారులకు పంచి, మిగిలినది పారిస్ నగరంలోని పేదలకు ఇచ్చివేశాడు. పూట గడవక తమ పనిముట్లను తాకట్టు పెట్టుకొన్న కార్మికులకు వాటిని విడిపించి ఇప్పించాడు.

1903లో నిర్మించిన తొమ్మిదవ సంఖ్య చిన్న నౌకలో ఆయన పారిస్ వీధుల మీదుగా విహరించి, తన ఇంటి ముంగిట దిగి, కాఫీ త్రాగి తిరిగి వెళ్ళుట ఆ రోజుల్లో నగరానికి వింత. అదే సంవత్సరం జూన్‌లో ఐడా డి అకోస్టా అనే యువతికి ఆ నౌకను ఒంటరిగా నడుపుటకు ఇచ్చాడు. ఇంజను గల వాయువాహనాన్ని నడిపిన మొదటి మహిళగా ఆమె చరిత్రకెక్కింది.

14-బిస్ విమానము

వాయునౌకలకు భవిష్యత్తు పరిమితమని గ్రహించి, 1905 తరువాత సాంటోస్ డ్యూమాంట్ రెక్కల విమానం వైపు దృష్టి మళ్ళించాడు. పెట్టెల వంటి గాలిపటాల ఆకృతిలో రెక్కలు, ముందుభాగాన చుక్కాని గల విమానాన్ని రూపొందించాడు. తొలి పరీక్షలలో దానిని 14వ సంఖ్య వాయునౌక క్రింద వ్రేలాడదీసినందున దానికి 14-బిస్ అని పేరు వచ్చింది. ఫ్రెంచి భాషలో బిస్ అనగా రెండవ మారు అని అర్థం.

1906 అక్టోబరు 23న పారిస్‌లోని బగతెల్ మైదానంలో ఈ విమానం సుమారు 60 మీటర్ల దూరం ఎగిరింది. నవంబరు 12న 220 మీటర్ల దూరాన్ని 21.5 సెకండ్లలో ఎగిరి, అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నమోదు చేసిన మొదటి ప్రపంచ రికార్డును స్థాపించింది. ఐరోపాలో అధికారికంగా ధ్రువీకరించబడిన తొలి విమాన ప్రయాణాలు ఇవే.

రైట్ సోదరులతో పోలిక

విమానాన్ని మొదట ఎగురవేసినది ఎవరన్న విషయమై బ్రెజిల్ ప్రజలకు, అమెరికా ప్రజలకు నేటికీ భిన్నాభిప్రాయాలున్నవి. రైట్ సోదరులు 1903 డిసెంబరు 17ననే అమెరికాలోని కిట్టీహాక్ వద్ద ఎగిరారు. 1905 నాటికి ఒకే ప్రయాణంలో 38 కిలోమీటర్లకు పైగా ఎగురగలిగారు. ఈ విషయం చరిత్రకారులచే ఆమోదించబడినది. అయితే వారు చాలాకాలం తమ యంత్రాన్ని బహిరంగంగా చూపలేదు. 1908 ఆగస్టులో ఫ్రాన్సులో ప్రదర్శన ఇచ్చేవరకు ఐరోపావారికి సందేహం తీరలేదు. రైట్ సోదరుల విమానం పట్టా మీద జారి లేచేది. 14-బిస్ తన చక్రాల మీదనే పరుగెత్తి, పరిశీలకుల, ప్రజల సమక్షంలో లేచింది. కాలక్రమంలో రైట్ సోదరులు ముందువారు. బహిరంగ నిరూపణలో సాంటోస్ డ్యూమాంట్ ముందువాడు. ఇరువురి మధ్య మరొక ముఖ్యమైన భేదం కలదు. రైట్ సోదరులు పేటెంటు హక్కుల కొరకు ఏళ్ళ తరబడి న్యాయస్థానాలలో పోరాడారు. సాంటోస్ డ్యూమాంట్ తన నమూనాలకు హక్కులు కోరలేదు.

డెమ్వాజెల్ - ఇంటిలో నిర్మించుకొనదగిన విమానము

1907 నవంబరులో సాంటోస్ డ్యూమాంట్ 19వ సంఖ్య గల చిన్న విమానాన్ని పరీక్షించాడు. దానిని మెరుగుపరచి 1909లో 20వ సంఖ్య విమానాన్ని సిద్ధం చేశాడు. వీటికి డెమ్వాజెల్ అని పేరు. ఫ్రెంచి భాషలో ఈ పదానికి యువతి అని, తూనీగ అని రెండు అర్థాలున్నవి. పలుచని రెక్కలతో, పొడవైన తోకతో అది నిజముగానే తూనీగను పోలి ఉండేది.

నిర్మాణము: ఇది ఒంటి వరుస రెక్కల విమానం. రెక్కల చివరి నుండి చివరి వరకు పొడవు సుమారు ఐదున్నర మీటర్లకు మించదు. మొండెముగా మూడు పొడవైన వెదురు బొంగులను లోహపు కీళ్ళతో కలిపి, ఉక్కు తీగలతో బిగించారు. రెక్కల చట్రము చెక్కతోను, దాని పైకప్పు పట్టుతోను చేయబడినది. రెండు సిలిండర్ల తేలికైన ఇంజను రెక్కపై భాగాన ఉండేది. నడిపేవాడు రెక్కక్రింద, చక్రాల నడుమ, దాదాపు నేలను తాకుతున్నట్లు కూర్చొనవలెను.

నడుపు విధానము: తోకలోని అడ్డు పలక, నిలువు పలక ఒకే కీలుపై అన్ని వైపులకు తిరిగేవి. వాటితో విమానాన్ని పైకి, క్రిందికి, ప్రక్కలకు త్రిప్పేవారు. రెక్కలను మెలిపెట్టే తీగలు ఒక మీటకు కలిపి ఉండేవి. ఆ మీట నడిపేవాని కోటు వెనుక కుట్టిన సంచిలో ఇమిడేది. విమానం ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు అతడు రెండవ ప్రక్కకు వంగితే చాలును, రెక్కలు సర్దుకొనేవి. సైకిలు తొక్కేవాడు ఒరిగినట్లే ఇదియును.

1909 సెప్టెంబరులో ఈ విమానంపై సాంటోస్ డ్యూమాంట్ సెయింట్ సిర్ నుండి బుక్ వరకు 8 కిలోమీటర్ల దూరాన్ని సుమారు 5 నిమిషాలలో చేరుకున్నాడు. 70 మీటర్ల పరుగుతోనే అది నేలను విడిచేది. ఎగురనప్పుడు దానిని మోటారు కారు మీద వేసుకొని తీసుకుపోగలిగేవారు.

వెదురును చీల్చి, చెక్కను చెక్కి వస్తువులు చేసే పనివారు మన ప్రాంతంలోనూ కలరు. నెల్లూరు జిల్లా పశ్చిమభాగంలోని ఉదయగిరి చేతితో చెక్కిన చెక్క చెంచాలకు, గరిటెలకు పేరుపొందినది. ఇంజను, తీగలు, లోహపు కీళ్ళు మినహాయిస్తే, అట్టి పనివాని చేతికి అందని సామగ్రి డెమ్వాజెల్‌లో పెద్దగా లేదు. ఈ సులభత్వమే దాని ప్రత్యేకత.

పటాల ప్రచురణ: సాంటోస్ డ్యూమాంట్ ఈ విమానానికి పేటెంటు తీసుకొనలేదు. ఎవరైనను నిర్మించుకొనవచ్చునని ప్రకటించాడు. 1910లో అమెరికాలోని పాపులర్ మెకానిక్స్ పత్రిక దాని నిర్మాణ పటాలను కొలతలతో సహా ప్రచురించింది. ఫ్రాన్సులో క్లెమాన్ బయార్ కర్మాగారం దీనిని తయారు చేసి విక్రయించింది. పలు దేశాలలో ఔత్సాహికులు పటాలను చూచి స్వయంగా నిర్మించుకున్నారు. అనంతర కాలంలో మధ్యధరా సముద్రాన్ని విమానంపై దాటిన రోలాండ్ గారోస్ తన తొలి రోజులలో నడిపినది డెమ్వాజెల్‌నే.

పరిమితులు: ఈ విమానం దాని నిర్మాత శరీర బరువునకు తగినట్లుగా రూపొందించబడినది. పటాలను చూచి అదే కొలతలతో నిర్మించినను, నడిపేవాడు బరువైనవాడైతే అది సరిగా లేచేది కాదు. 1965లో విడుదలైన ఒక ఆంగ్ల చలనచిత్రం కొరకు దీని నమూనాను నిర్మించినప్పుడు ఈ సమస్యయే ఎదురైనది. చివరకు తేలికైన శరీరం గల జోన్ హ్యూస్ అనే మహిళా వైమానికురాలు దానిని నడిపింది. ఇతరుల పటాన్ని అనుసరించేవాడు కొలతలతోపాటు ఆ కొలతలకు గల కారణాన్ని కూడా తెలుసుకొనవలెనన్న సత్యాన్ని డెమ్వాజెల్ తెలియజేస్తున్నది.

విరమణ

1910 జనవరి 4న డెమ్వాజెల్‌పై ఎగురుతుండగా రెక్క విఫలమై సాంటోస్ డ్యూమాంట్ క్రిందపడ్డాడు. ప్రాణాపాయం తప్పినది. ఆ పిమ్మట ఆయన మరల విమానాన్ని నడపలేదు. అదే కాలంలో నరాలకు సంబంధించిన వ్యాధి లక్షణాలు బయటపడగా, తన ప్రయోగశాలను మూసివేసి పనివారిని పంపివేశాడు. అప్పటికి ఆయన వయస్సు 36 సంవత్సరాలు మాత్రమే.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైనప్పుడు ఆయన ఫ్రాన్సు సముద్రతీరంలో నివసిస్తూ దూరదర్శినితో నక్షత్రాలను పరిశీలించేవాడు. ఇరుగుపొరుగువారు ఆయనను జర్మను గూఢచారిగా అనుమానించగా, రక్షకభటులు ఇంటిని సోదా చేశారు. తరువాత వారు క్షమాపణ చెప్పినను, మనస్తాపంతో ఆయన తన కాగితాలను, పటాలను చాలావరకు తగులబెట్టాడు. చరిత్రకు ఇది తీరని నష్టం.

1916లో ఇగువాసు జలపాతాన్ని దర్శించి, అంతటి ప్రకృతిసంపద ఒక వ్యక్తి సొత్తుగా ఉండరాదని పరానా రాష్ట్ర పాలకులకు విజ్ఞప్తి చేశాడు. అక్కడ తరువాత జాతీయవనం ఏర్పడుటకు ఇది దోహదపడింది. 1918లో పెట్రోపొలిస్‌లో తన సొంత నమూనాతో చిన్న ఇంటిని కట్టించుకున్నాడు. దాని మెట్లు సగభాగం కోయబడి, కుడికాలు మొదట పెట్టినవారికే ఎక్కుటకు అనువుగా ఉంటాయి. నేడు ఆ ఇల్లు ప్రదర్శనశాలగా ఉన్నది.

యుద్ధ విమానాలు, మనోవేదన

విమానం దేశాలను, ప్రజలను దగ్గర చేస్తుందని సాంటోస్ డ్యూమాంట్ విశ్వసించాడు. తొలిదశలో సైనిక పరిశీలనకు వాయునౌకలు ఉపకరిస్తాయని ఆయన కూడా భావించినవాడే. అయితే మొదటి ప్రపంచయుద్ధంలో నగరాలపై బాంబులు కురియుట చూచి తీవ్రంగా కలత చెందాడు. 1926లో నానాజాతి సమితికి విజ్ఞప్తి పంపి, విమానాలను యుద్ధాయుధాలుగా వాడుటను నిషేధించవలెనని కోరాడు. ఈ విషయంపై ఉత్తమ వ్యాసానికి సొంత ధనంతో బహుమతిని కూడా ప్రకటించాడు. సమితి దానిపై చర్య తీసుకొనలేదు.

1928 డిసెంబరు 3న ఆయన ఓడలో రియో డి జనీరోకు తిరిగివస్తుండగా, స్వాగతం పలుకుటకు ఆయన పేరే పెట్టబడిన సముద్రవిమానంలో పలువురు ప్రముఖులు బయలుదేరారు. ఆయన కళ్ళ ఎదుటనే ఆ విమానం కూలి అందులోనివారందరు మరణించారు. ఉత్సవాలన్నిటిని రద్దుచేయించి, ఆయన మృతుల అంత్యక్రియలకు హాజరయ్యాడు. ఈ సంఘటన నుండి ఆయన కోలుకొనలేదు.

మరణము

1932 జూలై 9న సావో పాలో రాష్ట్రం కేంద్ర ప్రభుత్వంపై తిరుగుబాటు చేసినది. ఇరుపక్షాలు విమానాలను ఉపయోగించాయి. అప్పుడు సాంటోస్ డ్యూమాంట్ అనారోగ్యంతో గ్వారుజా తీరపట్టణంలో విశ్రాంతి తీసుకుంటున్నాడు. సొంత దేశస్థులే ఒకరిపై ఒకరు విమానాలతో దాడిచేసుకొనుట ఆయనను మరింత క్రుంగదీసినది. 59వ జన్మదినం గడచిన మూడు రోజులకు, జూలై 23న హోటలు గదిలో ప్రాణత్యాగం చేసుకున్నాడు. మరణకారణాన్ని ప్రభుత్వం చాలాకాలం బయటపెట్టలేదు. ఆయన అవివాహితుడు. భౌతికకాయాన్ని రియో డి జనీరోలో ఖననం చేశారు.

మద్రాసులో తొలి ప్రయత్నము

డెమ్వాజెల్ పటాలు ప్రచురితమైన 1910వ సంవత్సరంలోనే, నెల్లూరు జిల్లా అంతర్భాగంగా ఉన్న నాటి మద్రాసు రాజధానిలో కూడా ఒక సొంత విమానం తయారైనది. మద్రాసు మౌంటు రోడ్డులో హోటలు నడుపుతున్న జాకొమో డి ఏంజెలిస్ తన నమూనాతో ఒక జంట రెక్కల విమానాన్ని సిద్ధం చేశాడు. బండ్లు తయారు చేసే సింప్సన్ సంస్థవారు దానిని నిర్మించారు. 1910 మార్చిలో దానిని మద్రాసులో ఎగురవేసి ప్రజలకు ప్రదర్శించాడు. అలహాబాదు నుండి నైనీకి విమానంపై తొలి తపాలా చేరినది 1911 ఫిబ్రవరి 18న. మద్రాసు ప్రయత్నం అంతకు పదకొండు నెలలు ముందరిది.

గృహ నిర్మిత విమానాల పరంపర

డెమ్వాజెల్‌తో ఆరంభమైన ఒరవడిని ఫ్రాన్సుకే చెందిన హెన్రీ మిన్యే కొనసాగించాడు. 1933లో "ఆకాశపు పేను" అని అర్థమిచ్చే పేరుగల చిన్న విమానాన్ని నిర్మించి, 1934లో దాని నిర్మాణ విధానాన్ని పుస్తకంగా వెలువరించాడు. వందలాదిమంది దానిని అనుసరించారు. కాని క్రిందికి దిగేటప్పుడు ముందు వెనుక రెక్కల గాలి ఒకదానినొకటి ప్రభావితం చేసి, విమానం తిరిగి పైకి లేవలేకపోయేది. పలువురు మరణించిన పిమ్మట గాలి సొరంగంలో పరీక్షించగా ఈ లోపం బయటపడింది. ఔత్సాహికుల విమానాలకు కూడా తనిఖీ, అనుమతి తప్పనిసరి అన్న భావన ఇటువంటి అనుభవాల నుండి బలపడినది.

1953లో అమెరికాలో పాల్ పొబెరెజ్‌నీ ఔత్సాహిక నిర్మాతల సంఘాన్ని స్థాపించాడు. ముందుగా తయారైన భాగాలను పెట్టెలలో పంపగా, కొనుగోలుదారు ఇంటిలో బిగించుకొనే పద్ధతి తరువాత వ్యాప్తిలోనికి వచ్చింది. అట్టి విమానంలో పనిలో సగానికి మించిన భాగం ఔత్సాహికుడే చేసి ఉండవలెనని అమెరికా నిబంధన. భారతదేశంలో ముంబైకి చెందిన అమోల్ యాదవ్ తన నివాస భవనపు డాబా మీద ఆరు సీట్ల విమానాన్ని నిర్మించాడు. 2017లో దానికి పౌరవిమానయాన శాఖ నమోదు లభించింది.

గుర్తింపు, స్మారకాలు

* ఆయన జన్మస్థలానికి చేరువలోని పాల్మిరా పట్టణానికి 1932లో సాంటోస్ డ్యూమాంట్ అని పేరు మార్చారు.
* రియో డి జనీరోలోని ఒక విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు.
* 14-బిస్ ఎగిరిన అక్టోబరు 23వ తేదీని బ్రెజిల్‌లో వైమానికుల దినంగా జరుపుకుంటారు.
* చంద్రునిపై గల ఒక బిలానికి ఆయన పేరు పెట్టబడినది.
* 2016 రియో ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో 14-బిస్ నమూనాను ప్రదర్శించారు.

విశేషాలు

* వాయునౌకను నడిపేటప్పుడు జేబుగడియారాన్ని తీసి చూచుట కష్టమని ఆయన చెప్పగా, మిత్రుడు లూయీ కార్టియే ఆయన కొరకు చేతిగడియారాన్ని తయారు చేయించాడు. పురుషులలో చేతిగడియారం ధరించే అలవాటు వ్యాపించుటకు ఇది ఒక కారణమైనది.
* 1931లో బ్రెజిల్ సాహిత్య అకాడమీకి సభ్యునిగా ఎన్నికైనను, ఆ పీఠాన్ని అధిష్ఠించకుండానే మరణించాడు.
* ఆయన భౌతికకాయాన్ని భద్రపరచిన వైద్యుడు రహస్యంగా తీసి ఉంచిన హృదయం నేడు రియో డి జనీరోలోని వైమానికదళ ప్రదర్శనశాలలో ఉన్నది.